మా కుక్క దాహం

మా కుక్క ఇంట్లో తడి చేసిందంటే మొదట నేను నమ్మలేదు. అది ముసలిదవుతున్న లాబ్రడార్. పిల్లగా ఉన్నప్పుడు కూడా తలుపు దగ్గర నిలబడి మూలిగేదే తప్ప కార్పెట్ పాడుచేసి ఎరగదు. అలాంటిది పడుకున్న చోటే మడుగు కట్టింది. లేచి చూసుకుని, తనే బెదిరిపోయి సోఫా వెనక దాక్కుంది.

ఆ తర్వాత దాహం మొదలైంది. గిన్నె నింపి వెనక్కి తిరిగేలోపు ఖాళీ. ఒకరోజు కరివేపాకు కుండీ కింద పళ్లెంలోని మట్టినీళ్లు ఆత్రంగా తాగుతూ కనిపించింది. పొట్ట జారింది, వీపు మీద బొచ్చు పలచబడింది.

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లో ఎప్పుడూ చూపించే వెట్, అంటే జంతువుల డాక్టరు, రక్తమూ మూత్రమూ పరీక్షించాడు. షుగర్ లేదు, కిడ్నీలు బాగానే ఉన్నాయి, మూత్రం మాత్రం దాదాపు నీళ్లలా ఉందన్నాడు. కిడ్నీల పక్కన ఉండే గ్రంథుల మీద అనుమానంగా ఉంది, దానికి వేరే పరీక్ష చేయాలి, వచ్చే వారం తీసుకురమ్మన్నాడు. నీళ్లు మాత్రం తగ్గించొద్దని గట్టిగా చెప్పాడు.

మా అమ్మాయికి అంతవరకూ ఆగడం కష్టమైంది. చైనా మూలికా వైద్యం కూడా నేర్చుకున్న ఒక వెట్ గురించి ఫ్రెండ్ ద్వారా విని, మాతో చెప్పకుండానే అపాయింట్‌మెంట్ తీసుకుంది.

"కుక్కకి కషాయమా?" అన్నారు మావారు.

"నాన్నా, ఆవిడ రియల్ వెట్. జస్ట్ ఒకసారి చూపిద్దాం," అంది.

అందరం వెళ్లాం. ఆవిడ నేల మీద కూర్చుని కుక్క నాలుక చూసింది. తొడ లోపలివైపు వేళ్లు పెట్టి చాలాసేపు నాడి పట్టింది. చల్లని చోటు వెతుక్కుంటుందా, వెచ్చని చోటా అని అడిగింది. ఏదో పొడి కట్టి ఇస్తుందని ఎదురుచూస్తున్నాను. మావారు చొక్కా చేతులు మడుచుకుని పక్కనే కూర్చున్నారు. కుక్క అలవాటుగా ఆయన ముంజేయి నాకడం మొదలుపెట్టింది.

ఆవిడ అడగడం ఆపేసింది.

"ఇలా రోజూ చేస్తుందా?"

రోజూ సాయంత్రం టీవీ ముందు ఇదే పని అని ఆయన నవ్వారు. చేతికి ఏం రాసుకుంటారని అడిగిందావిడ. ఎగ్జిమాకి డాక్టర్ ఇచ్చిన ఆయింట్‌మెంట్ అని చెప్పి, ఫోన్‌లో ట్యూబు ఫోటో చూపించారు. ఆవిడ పేరు చదివి ఫోన్ మెల్లగా తిరిగిచ్చింది.

"ఇది స్టెరాయిడ్. మీ కుక్క దీన్ని రోజూ తింటోంది."

మావారు నిప్పు తగిలినట్టు చేయి లాక్కున్నారు. కుక్క అది ఆటనుకుని మళ్లీ మెడ చాచింది. మా అమ్మాయి గోడకి ఆనుకుని ఏడ్చేసింది.

మూలికల కోసం వెళ్తే ఆవిడ మూలికలు ఇవ్వలేదు. మా వెట్‌కి తనే ఫోన్ చేసింది. ఈ దాహం స్టెరాయిడ్ వల్లేనని, అది బయటి నుంచి ఒంట్లోకి వస్తోంది కాబట్టి ఆ గ్రంథులు పని మానేసి ఉంటాయని, ఒక్కసారిగా ఆపినా ప్రమాదమేనని చెప్పింది. పరీక్షలో అదే తేలింది. మా వెట్ స్టెరాయిడ్ మాత్రలే కొద్ది మోతాదులో ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చాడు. మావారు ఇంట్లో ఫుల్ హ్యాండ్స్ చొక్కాలకి మారారు.

తర్వాత ఇద్దరు వెట్‌లూ మాట్లాడుకున్నాక మూలికల పొడి కూడా వచ్చింది. తడిమట్టి వాసన. ఉప్పు వేయని చికెన్ నీళ్లలో కలిపితే తప్ప ముట్టుకునేది కాదు. ఎండలు ముదిరేసరికి దాహం తగ్గింది, కార్పెట్ పొడిగా ఉంది. ఏది పనిచేసిందని ఆవిడనే అడిగాను. ఎక్కువ భాగం ఆ చేయి దూరం కావడమే, మూలికలు కాస్త ఊతమిచ్చాయనుకుంటానంది.

ఒక ఆదివారం మా తెలుగు చర్చిలో భోజనాల దగ్గర ఒకావిడకి ఇదంతా చెప్పాను. వాళ్లింట్లోనూ చిన్న కుక్క ఉంది. నా మాట పూర్తి కాకముందే ప్లేటు బల్ల మీద పెట్టేసి, భర్తకి ఫోన్ చేసింది.

"ఏమండీ, మీ మోకాలికి రాసుకునే క్రీమ్ పేరేంటి?"