వేళాంగణి స్టాంపున్న జాబు

పోయిన నెల హిందూపురంలో ఇల్లు మారుతుంటే నా పాత స్టాంపుల పుస్తకం మనవరాలి చేతికి చిక్కింది. ఒక పుట దగ్గర ఆగి, "తెల్లగా ఎంత బాగుండాదో! యాడిదవ్వా ఈ చర్చి?" అంది. వేళాంగణి మాత గుడి అని చెప్పాను. ఆ స్టాంపు నాకెలా వచ్చిందో మాత్రం చెప్పలేకపోయాను.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. ఆయనకు ఒక్కతే చెల్లెలు. ఆ అత్త పెనుకొండలో బడిలో చదువు చెప్పే ఒక క్రైస్తవ అయ్యవారిని పెళ్లి చేసుకున్నప్పటి నుంచి మా ఇంట్లో ఆమెకు పేరు లేదు, "పెనుకొండామె" అంతే. ఆమె మాత్రం జాబులు రాయడం మానలేదు. పోస్టాయన సైకిల్ గంట వినబడితే చాలు, నాయన మగ్గం చప్పుడు పెంచేవాడు. జాబు వచ్చిన పూట చీర రెండు వేళ్లు ఎక్కువే సాగుతుందని అమ్మ నవ్వేది. జాబులు విప్పకుండానే వాపసు పోయేవి. నేను డిగ్రీ చదివే ఏడాది వచ్చిన జాబు మీద ఈ స్టాంపు ఉంది. అప్పట్లో నాకు స్టాంపుల పిచ్చి. "వాపసిచ్చెయ్ మ్మే" అని నాయన మగ్గం గుంతలోంచే కేకేశాడు. ఇచ్చేశానని అబద్ధమాడి లోపలికి తెచ్చుకున్నాను. తడిపి స్టాంపు లాగితే కవరు చిరిగింది. ఇక వాపసిచ్చే దారి లేక, చదవకుండానే పుస్తకాల అడుగున దాచేశాను.

పరీక్షలయ్యాక విప్పి చూశాను. "అన్నా, వచ్చే శుక్రవారం హిందూపురం ఆస్పత్రిలో నాకు ఆపరేషన్. వేళాంగణికి పోయి మాతకు మొక్కుకొని వచ్చినా. నువ్వొకసారి కనబడితే నాకు ధైర్యం." ఆ శుక్రవారం దాటి మూడు వారాలైంది.

నాయనకు చెప్పేశాను. కొడతాడనుకుంటే, నేస్తున్న నాడె పక్కన పెట్టి మగ్గం గుంతలోంచి లేచాడు. పెనుకొండ బస్సులో చాలాసేపటికి, "నీ తప్పేముండాది? నువ్వు తీసుకోకున్నా నేను వాపసే పంపుంటి" అన్నాడు.

అత్త బతికే ఉంది. మంచం మీద సగమై కూర్చుని ఉంది. "ఇప్పుడొస్తివా అన్నా? ఆ పొద్దంతా వాకిలి కల్లే చూస్తాంటి. జాబు అందలేదా?" అంది. నేను నోరు తెరిచేలోగా నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అందింది మ్మా. నాకే మనసు రాలేదు."

అత్త గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత నాయన ఎన్నిసార్లు వెళ్లినా, మంచినీళ్లిచ్చేది గాని మాట్లాడేది కాదు. తిరిగొచ్చి ఆయన మగ్గంలో కూర్చునేవాడు. అత్తకు నిజం చెప్పడానికి నాకు మొదట భయం. ఏళ్లు గడిచేకొద్దీ, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తెలియని సిగ్గు. నాయన పోయినా చెప్పలేదు.

మొన్న ఆదివారం పెనుకొండ వెళ్లి, ఎనభై దాటిన అత్త ముందు కూర్చుని అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. కొంగు మడతలు పెట్టుకుంటూ అడిగింది.

"మీ నాయన పోయి ఎన్నేండ్లాయె పాపా?"

"పదకొండు, అత్తా."

"అవి పోనీలే. ఆయప్ప ఈడికి వస్తా ఉండిన ఏండ్లు ఉండాయే, వాటినేం చేద్దాం?"

నిజం చెప్పకుండా నేను గడిపిన కాలమంతా నాదేననుకున్నాను. అందులో ఎక్కువ భాగం వాళ్లిద్దరూ మాట్లాడుకోవాల్సిన కాలం.