తోట మీద పళ్ళెం

పలాసలో రైలు దిగేసరికి వాన. స్టేషన్ ఎదుటి హోటల్లోకి దూరాను. మా కడపలో కూడా చూడలేదు నేను అలాంటి టేబుల్. పైభాగమంతా పెద్ద ఫోన్ తెరే. ఇడ్లీ బొమ్మ మీద వేలు పెడితే ఆర్డర్ వెళ్ళిపోతుంది, అది వచ్చేలోగా కాలక్షేపానికి ఆకాశం నుంచి తీసిన ఫొటోల మ్యాపు. సర్వర్‌తో ఒక్క మాటైనా మాట్లాడే పని లేదేమిటని విసుగేసింది.

బస్సు కోసం ఆగిన పెద్దావిడ ఒకరు నా ఎదురుగా కూర్చున్నారు. "ఇందల మా కవిటి అగుపడతాదేటి బావూ?" అని అడిగారు.

రెండు వేళ్ళతో లాగి ఊరు పెద్దది చేశాను. అటువైపు నుంచి ఆవిడా లాగారు. ఒకే తెర మీద నా వేళ్ళు, ఆవిడ వేళ్ళు. రోడ్డు దాటి ఒక పచ్చటి గుబురు దగ్గర ఆగిపోయారు.

"ఇదే మా కొబ్బరితోట. ఈ మూలది మా పెద్దోడు పుట్టినప్పుడు ఏసిన సెట్టు. పక్కది సిన్నదాని సెట్టు."

"ఎంత బాగుందమ్మా!"

"ఇప్పుడేటున్నాది బావూ! తుఫానుకి అన్నీ పడిపోనాయి."

అప్పుడు అర్థమైంది, అది తుఫానుకు ముందు తీసిన ఫొటో అని.

ఇంతలో సర్వర్ మా ఇద్దరి ఇడ్లీ పళ్ళేలూ తెచ్చి టేబుల్ మీద పెట్టబోయాడు. ఆవిడ గబుక్కున పళ్ళేలు అందుకున్నారు.

"అక్కడెట్టకు నాయినా, సెట్లున్నాయి."

బస్సు వచ్చేదాకా ఇద్దరం పళ్ళేలు ఒళ్ళో పెట్టుకునే తిన్నాం.