శెట్టెమ్మ పెట్టిన బొట్టు

కమలాపురం బజారులో రాజ్యలక్ష్మమ్మ స్టీలు సామాన్ల అంగడి తెలియనివాళ్లు లేరు. పెండ్లికి బిందెలు కావాలన్నా, కొత్తింట్లో పాలు పొంగించడానికి గిన్నె కావాలన్నా చుట్టుపక్కల పల్లెలవాళ్లు అక్కడికే వస్తారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. బేరం కుదరకపోతే చేతిలోని గిన్నె లాక్కుని అటక మీద పెట్టేస్తుందే తప్ప ఒక్క మెట్టు దిగదు. ఊరు ఆమెను శెట్టెమ్మ అంటుంది, ఎదురుగా గౌరవంతో, చాటున కొంచెం భయంతో.

భర్త రామసుబ్బయ్య పెండ్లయిన కొద్దికాలానికే కామెర్లొచ్చి పోయాడు. పదకొండో దినం పెద్దలు ఆమెను పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, చేతినిండా గాజులు తొడిగి, తలనిండా పూలు పెట్టి, ముఖాన ఇంత బొట్టు దిద్ది, అన్నీ ఒకేసారి తీసేశారు. సింగారించి మరీ ఊడబెరకడం మనవాళ్లకే చేతనవును. మణికట్టు దగ్గర గాజుపెంకు గుచ్చుకుంది. ఆ గాయం వారంలో మానింది, కోపం మాత్రం ఇన్నేళ్లయినా మానలేదు. ఆ తర్వాత ఆమెకు ఇంకో మనువు అనే మాట పుట్టింట్లో గానీ మెట్టినింట్లో గానీ ఎవరి నోటా రాలేదు. వాళ్ల ఇళ్లలో అది అనుకునే మాట కాదు. అంగడి గల్లాపెట్టె ముందు కూర్చుంది, కూర్చున్నచోటే జుట్టు నెరిసింది.

ఆమెకు అంగడి కాక ఉన్నదల్లా మహిళా మండలి. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు పోయినవాళ్ల ఇండ్ల ఆడవాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘం అది. రాజ్యలక్ష్మమ్మ తాత కల్లు అంగళ్ల ముందు అడ్డం పడుకుని బళ్లారి జైల్లో ఉండి వచ్చినవాడు. ఆ వంశం చెప్పుకుని ఆమె మండలిలో చేరింది, చేరిన కొన్నాళ్లకే అధ్యక్షురాలైంది. మండలాఫీసు ముందున్న సమరయోధుల స్తూపం కడిగి సున్నం కొట్టించడం, ఎండాకాలం బస్టాండులో చలివేంద్రం పెట్టడం, సైన్యంలో బిడ్డలున్న తల్లులకు పంద్రాగస్టునాడు చీర పెట్టడం వాళ్ల పనులు. మంచి పనులే, ఎవరూ వంక పెట్టలేరు. చలివేంద్రం కుండలో నీళ్లు ఎండిపోతే మండుటెండలో తనే బిందె ఎత్తుకుని వెళ్లేది.

ఓబుళేశు శవం ఊరికొచ్చిన రోజున ఆమె చేసిన పని కూడా మంచి పనే అని అందరూ అన్నారు.

ఓబుళేశుది కమలాపురానికి దగ్గరి పల్లె. తండ్రి లేడు, తల్లి సిద్దమ్మ ఒక్కతే కూలికి పోయి పెంచింది. సైన్యంలో చేరాడు, శివానిని చేసుకున్నాడు, సెలవు అయిపోగానే పోయాడు. ఉత్తరాన కొండల్లో మంచుచరియ విరిగి మీద పడింది. జెండా కప్పిన పెట్టె ఊరికొచ్చింది. మండలివాళ్లు దారి పొడుగునా బడిపిల్లల్ని నిలబెట్టారు, పూలు చల్లించారు. సిద్దమ్మ పెట్టె మీద పడి ఏడ్చిన ఏడుపుకు తుపాకులు పట్టుకున్న జవాన్లు కూడా తలలు వంచారు.

పదకొండో దినం మండలి ఆడవాళ్లు మళ్లీ వెళ్లారు. రాజ్యలక్ష్మమ్మ కారు దిగేసరికి ఇంటి ముందు చాప మీద శివానిని కూర్చోబెట్టారు. ఇరవై దాటీదాటని పిల్ల. చేతినిండా పచ్చగాజులు. పక్కన ఒక ముసలామె రాయి పట్టుకుని ఉంది. శివాని అమ్మ, అన్న ఒక కొత్త కోక మడతపెట్టుకుని గోడవార నిలబడి ఉన్నారు. ఆ కోక ఎందుకు తెచ్చారో అడిగే ఓపిక ఆ క్షణాన రాజ్యలక్ష్మమ్మకు లేదు. ఆమె కంటికి రాయి ఒక్కటే కనబడింది.

పోయి ఆ రాయి లాక్కుని చెత్తలోకి విసిరేసింది.

"ఈ పిల్ల ముండమోపి కాదు. దేశం కోసరం పాణమిచ్చిన వీరుని పెండ్లాం. వీరునికి సావు లేదు. ఈ గాజులుండంగా ఆయప్ప పోలేదు. ఇవి ఎవురు ముట్టుకుంటారో నేనూ చూస్తా" అంది.

కులపెద్ద తిమ్మయ్య లేచాడు. బక్కపలచని మనిషి, మాట మెత్తన. "శెట్టెమ్మా, రవ్వంత నిలబడు. మా దాంట్లో ఈ పని ఎందుకు చేస్తామంటే..."

"ఎందుకు చేస్తారో నాకు తెల్దా తిమ్మయ్యప్పా? నాకూ చేసినారు."

ఆ మాటకు తిమ్మయ్య తలగుడ్డ సర్దుకుని కూర్చున్నాడు. రాజ్యలక్ష్మమ్మ మండలివాళ్ల దగ్గరున్న కుంకుమభరిణె తీసుకుని, ఇన్నేళ్లుగా ఏ శుభకార్యంలోనూ కుంకుమ ముట్టని తన వేళ్లతో శివాని నుదుట బొట్టు పెట్టింది. పెట్టి, ఆ పిల్లను కావలించుకుని ఏడ్చింది. తన కోసం కూడా ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. శివాని ఏమీ అనలేదు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు గనక అనే పని కూడా పడలేదు. అమ్మా అన్నా తెచ్చిన కోకను తిరిగి సంచిలో పెట్టుకుని పోయారు.

మరునాడు పేపర్లో ఫోటో వచ్చింది. మండలి ఆ పనికి వీరతిలకం అని పేరు పెట్టింది. ఊరి నడుమ ఓబుళేశు విగ్రహం లేచింది. పంద్రాగస్టుకు, జనవరి ఇరవయ్యారుకు, కళాశాలల్లో సభలకు శివానిని పిలిచేవారు. ఎర్రంచు చీర, చేతినిండా గాజులు, ముఖాన రూపాయంత బొట్టు. 'వీరపత్ని' అని మైకులో అనగానే లేచి నమస్కారం పెట్టేది. రాజ్యలక్ష్మమ్మ ఆ పిల్లను చూసినప్పుడల్లా తన జీవితంలో ఒక్క పనైనా సరిగ్గా చేశానని తృప్తి పడేది. పాపం, నిజంగానే అలా అనుకునేది.

ఇట్లా రెండు మూడేండ్లు నడిచాయి. ఒక మధ్యాహ్నం అంగడిలో బేరాలు లేని వేళ శివాని వచ్చింది. అత్త దగ్గరే ఉంటూ ఊళ్లో అంగన్వాడీలో ఆయాగా చేస్తోంది. బిందెల మధ్య స్టూలు మీద కూర్చుని, ఒక గిన్నెను చేతిలో అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది.

"ఏం పాపా, ఒళ్లు బాగలేదా?"

"బాగుండాదమ్మా." పైట కొంగు వేలికి చుట్టుకుంది. "హనుమేష్ అని, బస్టాండు కాడ మోటార్లకు వైండింగు కడతాడు. మా కులమే. పెండ్లాం కాన్పులో పోయింది. నన్ను చేసుకుంటానంటాండాడు. నాకూ ఇష్టమే."

రాజ్యలక్ష్మమ్మ ముందు ఉలిక్కిపడింది, ఆ వెంటనే మెత్తబడింది. ఎంతైనా ఆడదే కదా. "ఈ కాలంలో తప్పేముండాది? చేసుకో. నేనుండా. ఎవురన్నా నోరెత్తితే..."

"అది కాదమ్మా. వాళ్ల పెద్దోళ్లు ఒప్పుకోరు."

"ముండమోపిని చేసుకోము అంటారా?"

శివాని ఆమె ముఖంలోకి చూసింది. "ముండమోపినైతే చేసుకుంటారమ్మా. మా దాంట్లో మారుమనువు ఎప్పుటినుంచో ఉండేదే. మా అవ్వదీ మారుమనువే. పదకొండో దినం గాజులు తీసి, అత్త నోటితో 'పో తల్లీ' అంటే, పుట్టింటోళ్లు కొత్త కోక కట్టించి తోడుకొని పోతారు. దాంతో ఆ ఇంటి రుణం తీరినట్టు. ఏడాది తిరిగినాక ఎవురొచ్చి అడిగినా తప్పు లేదు. నాకు గాజులు తీయలేదు కదా. తీయకుంటే నేనింకా ఓబుళేశు పెండ్లామే. మొగుడుండే దాన్ని ఎట్లడిగేదని హనుమేష్ వాళ్లమ్మ అనె."

రాజ్యలక్ష్మమ్మకు గోడవార నిలబడ్డ ఆ తల్లీ కొడుకులు, సంచిలోకి పోయిన కోక కళ్లముందు కనబడ్డారు. తన ఇంట్లో గాజులు తీయడమంటే గోరీ కట్టడం. కాబట్టి లోకమంతటా అంతే అనుకుంది. ఈ పిల్ల ఇంట్లో అది వాకిలి తెరవడం. తన గాయం చూసుకుని మందు ఇంకొకరికి రాసింది.

"ఆఫీసుకు పోయి రిజిస్టరు చేసుకుంటే?" అంది.

"చేసుకోవచ్చు. మా అమ్మ గడప తొక్కనీదు. ఆయప్పకు ఇద్దరు చెల్లెండ్లుండారు, వాళ్లకు మనువులు కుదరవు. ఆయప్ప కోసరం వాళ్లు చెడిపోవాల్నా?"

ఆ సాయంత్రమే అంగడి మూసి తిమ్మయ్య ఇంటికి పోయింది. పెద్ద గొంతు ఇంట్లోనే వదిలేసి పోయినట్టుంది, గడప దగ్గరే చేతులు జోడించింది. తిమ్మయ్య మంచం వాల్చి కూర్చోమన్నాడు. దెప్పిపొడవలేదు. దెప్పిపొడిచి ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది.

"ఆ పొద్దు సెప్పబోతి శెట్టెమ్మా. నువ్వు ఇనకపోతివి."

"తప్పే తిమ్మయ్యప్పా. ఇప్పుడన్నా చేయొచ్చా?"

"చేయొచ్చు. దినం దాటినాక చేసినోళ్లు ఉండారు. కాకపోతే సిద్దమ్మ నోటితో అనాల. అత్త అనకుంటే కులం కాదు కదా, దేవుడొచ్చినా అయ్యేది లేదు."

సిద్దమ్మ ఇంట్లో ముందు గది గోడంతా ఓబుళేశు ఫోటోలే. మండలి ఇచ్చిన శాలువలు, జ్ఞాపికలు గూట్లో వరసగా ఉన్నాయి. సిద్దమ్మ రాజ్యలక్ష్మమ్మను చూసి కుర్చీ వేసి, తనేమో కింద కూర్చుంది. రాజ్యలక్ష్మమ్మ కూడా కుర్చీ పక్కకు జరిపి కిందే కూర్చుని, వచ్చిన పని చెప్పింది. తన తప్పు అని చెప్పింది. పిల్ల వయసు చెప్పింది. ముందుముందు బతుకెంత ఉందో చెప్పింది. సిద్దమ్మ అడ్డం రాకుండా వింది.

"ఆ పాప సెడ్డది కాదు తల్లీ. నాకు తెలుసు" అంది చివరికి. "నా కొడుకు పోయిన పొద్దు నేనూ బాయిలో పడదామనుకుంటి. నువ్వొచ్చి ఏమంటివి? వీరునికి సావు లేదంటివి. గాజులుండంగా ఆయప్ప పోలేదంటివి. సదువుకున్నదానివి, పెద్దింటిదానివి, నిజమే అనుకుంటి. అది పట్టుకొనే బతికినా. పొద్దున లేసి ఆ పాప గాజుల సప్పుడు ఇంటే నా కొడుకు యాడనో డ్యూటీలో ఉండాడనిపిస్తాది. ఇప్పుడు నువ్వే వచ్చి, నా నోటితో పో అని అనమంటాండావు. అంటే నా కొడుకు సచ్చిపోయినట్టే కదా శెట్టెమ్మా."

ఆ రోజు తను తిమ్మయ్య నోరు మూయించినట్టే, ఇప్పుడు తన నోరు మూతపడింది. తను ఇచ్చిన మాటను తల్లి దగ్గర లాక్కుంటే ఆ తల్లి నిలవదు, లాక్కోకపోతే పిల్ల నిలవదు. సిద్దమ్మే లేచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

తర్వాత మండలిలో ఆ మాట ఎత్తింది. కార్యదర్శి అమూల్య, ఊళ్లో పేరున్న వకీలు భార్య, ముఖం చిట్లించింది. "ఆ అమ్మాయి అందరికీ ఆదర్శం అని మనమే చెప్పుకుంటూ వచ్చాం. ఇప్పుడు మనమే పోయి గాజులు పగలగొట్టమంటే జనం ఏమనుకుంటారు? విగ్రహం పరువేమిటి?" అంది. మిగిలినవాళ్లు అవునంటే అవునన్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. రాజ్యలక్ష్మమ్మ అధ్యక్షురాలి పదవికి రాజీనామా ఇచ్చింది. ఇవ్వడమే ఆలస్యం, అమూల్య ఆ కుర్చీలో కూర్చుంది. వీరతిలకం ఆగలేదు. కర్నూలు వైపు ఇంకో జవాను పోతే అక్కడికీ వెళ్లి పెట్టి వచ్చారు.

రాజ్యలక్ష్మమ్మ పట్టు వదల్లేదు. హనుమేష్ తల్లి దగ్గరికి పోయి బతిమాలింది. శివాని అన్న కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. వాళ్లంతా ఒకటే మాట అన్నారు, సిద్దమ్మను అడగమని. సిద్దమ్మ ఇంటికి ఎన్నిసార్లు పోయినా సిద్దమ్మ మజ్జిగే ఇచ్చింది, ఆ మాట మాత్రం ఇవ్వలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏమొస్తుంది?

శ్రావణమాసం వచ్చేసరికి హనుమేష్‌కు మైదుకూరు పిల్లతో పెండ్లయింది. అతని తప్పని ఎవరూ అనరు. పాలు తాగే బిడ్డ ఉంది ఇంట్లో.

ఈ ఏడు పంద్రాగస్టు సభకు రాజ్యలక్ష్మమ్మ పిలవకుండానే పోయింది. పందిరి వెనక కుర్చీల చాటున శివాని ఒంటరిగా నిలబడి ఉంది. అదే ఎర్రంచు చీర. కొత్త గాజులు, మండలివాళ్లే తొడిగించారు.

"పాపా, నన్ను తిట్టు" అంది రాజ్యలక్ష్మమ్మ. "నా బిడ్డ అనుకొని చేసినా. నీ బతుకు నాశనం చేసినా."

శివాని తిట్టలేదు. కళ్లల్లో నీళ్లు కూడా లేవు.

"నువ్వు మంచికే చేసినావమ్మా, కాదనను. తిమ్మయ్య తాత సెప్పబోతే ఇనలేదు, సరే. పక్కనే కూచ్చోనుంటి కదా నేను. రవ్వంత వంగి, నీకేం కావాల్నే అని నన్నడిగింటే సెప్పేదాన్ని."

ఇంతలో మైకులో పేరు పిలిచారు. శివాని కొంగు సర్దుకుని మెట్లెక్కింది. అమూల్య కుంకుమభరిణె తెరిచి, ఫోటో తీసేవాడు సిద్ధమయ్యేదాకా ఆగి, ఆమె నుదుట బొట్టు పెట్టింది. చప్పట్లు మోగాయి. ముందు వరసలో శాలువా కప్పుకుని కూర్చున్న సిద్దమ్మ, సెలవు మీద వచ్చిన కొడుకును చూసుకున్నట్టు కోడలి వైపు చూస్తోంది.