మంచం మీద నిలబడ్డ కారు

చిక్కడపల్లిలో పోచయ్య షెడ్డుకు బోర్డు లేదు. ఎందుకు లేదని అడిగితే, ఎరుకున్నోళ్ళు వెతుక్కుని వస్తారు, ఎరుక లేనోళ్ళతో తనకేం పని అంటాడు. అరవై ఏడేళ్ళ మనిషి. స్కూటర్లు ముట్టుకోవడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు పాత కార్లు మాత్రమే చూస్తాడు, అదీ కారు నచ్చితేనే. కారు నచ్చి, కారు తెచ్చిన మనిషి నచ్చకపోతే, మనిషిని ఇంటికి పంపి కారును ఉంచుకుంటాడు.

ఏటా డిసెంబరులో ఆ షెడ్డుకు అశోక్‌నగర్ నుంచి ఒక ఎర్ర కారు వస్తుంది. రెండు తలుపులు, నాలుగు సీట్లు, నెత్తిన టాపు లేదు. మా ఇంటి యజమాని విశ్వేశ్వరరావు గారిది. ఆయన బీమా ఆఫీసులో అధికారి. వాళ్ళ పైవాటాలోనే మేము అద్దెకుంటున్నాం. పోచయ్య కారు కిందికి దూరగానే విశ్వేశ్వరరావు గారు పక్కన నిలబడి, పక్క కొట్టుకు టీకి వచ్చినవాళ్ళను పట్టుకుని ఉపన్యాసం మొదలుపెడతారు. ఈ కారు ఫ్యాక్టరీలో పుట్టడమే టాపు లేకుండా పుట్టిందట. ఇంగ్లండు కంపెనీవాళ్ళ పనితనమట. ఆ తలుపు ఒకసారి వేసి చూడండి, ఎంత మెత్తగా పడుతుందో, మనవాళ్ళ చేతుల్లో ఇలాంటిది వస్తుందా అంటారు. కారు కింద నుంచి పోచయ్య గొంతు ఒక్కటే వినిపిస్తుంది, పదమూడో నంబరు పానా ఇయ్యమని.

ఆ టాపు కోసింది పోచయ్యే.

నలభై అయిదేళ్ళుగా తన చేతి పనిని తన ఎదుటే ఇంగ్లండుకు ధారపోస్తుంటే, పానా అడిగి ఊరుకున్నాడు. అది తన పనేనని ఒక్కరన్నా అనగా వినాలని అతనికి కోరిక. కానీ తన నోటితో చెప్పుకునే వీల్లేదు. చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి మెట్ల మీద ప్రమాణం చేసి ఉన్నాడు.

ఆ సంగతి తర్వాత అతనే చెప్పాడు. 1979లో విశ్వేశ్వరరావు గారి నాన్న రామచంద్రరావు గారు ఎక్కడో వేలంలో ఈ కారు కొన్నారు. గోడ కూలి మీద పడి, టాపు అప్పడంలా అణిగిపోయి ఉంది. పోచయ్యకు పని నేర్పిన ఉస్తాద్ చూసి, దీన్ని పాత ఇనుముకు వేసుకోండి అన్నాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళవాడైన పోచయ్య మాత్రం, పాడైంది టాపే కదా, టాపు తీసేస్తే పోలేదా అన్నాడు. ఉస్తాద్ నవ్వి చేతికి ఇనుము కోసే బ్లేడు ఇచ్చాడు.

కోయడానికి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజున పోచయ్యకు జ్ఞానోదయమైంది. టాపంటే ఎండకు పట్టే గొడుగు కాదు, కారును బిగించి పట్టుకునేది అదే. అది పోగానే కారు నడుము దగ్గర కుంగింది. తెరిచిన తలుపు మళ్ళీ పడలేదు. కింద రెండు వైపులా పొడుగాటి, దళసరి ఇనుప పట్టీలు వేసి వెల్డింగ్ చేస్తే తప్ప నిలబడదు. అంత దళసరి ఇనుము నారాయణగూడ దాకా వెతికినా దొరకలేదు. రామచంద్రరావు గారు కాసేపు ఆలోచించి, మా ఇంట్లో ఉంది అన్నారు. మర్నాడు పొద్దున రిక్షాలో కాళ్ళు పైకి పెట్టుకుని ఒక ఇనుప మంచం వచ్చింది.

మంచం ఆయన భార్య ఆదిలక్ష్మి గారిది. తెనాలిలో వాళ్ళ నాన్న కూతురి పెళ్ళికి కమ్మరి చేత ప్రత్యేకంగా చేయించి, ఇత్తడి సామాను మీద కొట్టించినట్టే మంచం పట్టె మీద కూడా చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు కొట్టించాడు. ఆవిడ అప్పుడు తమ్ముడి పెళ్ళికి తెనాలి వెళ్ళి ఉంది. పక్క పట్టెలు రెండూ కారు కింద చెరో వైపుకు పోయాయి. తలవైపుదీ కాళ్ళవైపుదీ అడ్డానికి పోయాయి. కొలిచి చేసినట్టు సరిపోయాయని, జానెడు ఇనుము మిగల్లేదని పోచయ్య ఇప్పటికీ మురిసిపోతాడు. తలుపు వేస్తే మెత్తగా పడింది.

ఆదిలక్ష్మి గారు తిరిగి వచ్చేసరికి ఇంట్లో మంచం లేదు, గుమ్మం ముందు కారుంది. దొంగలు ఎత్తుకుపోయారన్నారు రామచంద్రరావు గారు. బిందెలూ గంగాళాలూ వదిలేసి మంచం మోసుకుపోయే దొంగ ఎవరా అని ఆవిడ ఆలోచించింది. తను ఊళ్ళో లేని ఆ వారం రోజులూ ఇంటి రెండో తాళం చెవి హైదర్‌గూడలో ఉండే ఆడపడుచు జయశ్రీ గారి దగ్గర ఉంది. ఆదిలక్ష్మి గారు ఎవరినీ ఏమీ అనలేదు. జయశ్రీ గారింట్లో పదకొండేళ్ళు కాఫీ తాగలేదంతే.

సంగతి ముదరడం చూసి రామచంద్రరావు గారు పోచయ్యను గుడి మెట్ల దగ్గరికి తీసుకుపోయారు. టాపు కోశామని తెలిస్తే, దేన్ని ఆసరాగా పెట్టి నిలబెట్టారని అడుగుతారు. కాబట్టి కోయనే లేదు. కారు అలాగే పుట్టింది. అప్పటికి ఏడేళ్ళవాడైన విశ్వేశ్వరరావు గారు నాన్న చెప్పిన మాట నమ్మి, ఇన్నేళ్ళూ దాన్ని పెంచి పెద్ద చేశారు.

పోయిన సంవత్సరం నగరంలో పాత కార్ల ఊరేగింపు ఒకటి పెట్టారు. ఫ్యాక్టరీలోనే టాపు లేకుండా తయారైన కార్లు ముందు వరసలో, తర్వాత కోసుకున్నవి వెనక వరసలో. ముందు వరసకు కాగితం చూపాలి. ఆ ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడ్డా దాని పాత రిజిస్టర్లను దాచిన సంఘం ఒకటి ఇంగ్లండులో ఉందనీ, ఛాసిస్ నంబరు పంపితే పుట్టుపూర్వోత్తరాలు చెబుతుందనీ విశ్వేశ్వరరావు గారు కనుక్కున్నారు. ఇంగ్లీషు ఉత్తరం రాసే పని నాకు పడింది. నంబరు అచ్చు తీసే పని పోచయ్యకు పడింది.

నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే అంకెలు దిగుతాయి. పోచయ్య తలచుకుంటే ఒక అంకెను చెరిపేయడం ఎంతసేపు? అతను కిరసనాయిలు పెట్టి నలభై ఏళ్ళ జిడ్డు కడిగి, మూడు కాగితాలు పాడుచేసి, నాలుగోదాని మీద ముత్యాల్లాంటి అంకెలు దింపి నా చేతికిచ్చాడు. అలా ఎందుకు చేశావని చాలా రోజుల తర్వాత అడిగాను.

"చెప్పనని ఒట్టు వెట్టుకున్నది నేను, బిడ్డా. నంబరు వెట్టుకున్నదా?" అన్నాడు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. ఆ నంబరు కారు ఫలానా సంవత్సరంలో బూడిద రంగుతో, ఉక్కు టాపుతో ఫ్యాక్టరీ గేటు దాటి ఓడలో మద్రాసుకు వెళ్ళింది. ఆ రకం కారును టాపు లేకుండా వాళ్ళు ఎన్నడూ చేయలేదు. అయితే మీరు పంపిన ఫొటోలు చూసి మా సభ్యులు ఆశ్చర్యపోయారు, ఈ పని చేసినవారి పేరేమిటి, కింది భాగం ఫొటోలు కూడా పంపగలరా అని అడిగారు.

విశ్వేశ్వరరావు గారు నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. మొదటి సగం మాత్రమే ఆయన చెవికెక్కింది. ఉత్తరం పట్టుకుని కారులో నేరుగా షెడ్డుకు వెళ్ళారు, నన్ను వెంటబెట్టుకుని.

"మా నాన్నగారు మోసపోయారు పోచయ్యా. ఎవడో చేతకాని వెధవ మంచి కారును నరికి ఆయనకు అంటగట్టాడు."

పోచయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. తుడవడం చాలాసేపు సాగింది.

"చేతగానోడని అనకుండ్రి సార్. ఇన్నేండ్ల సంది ఆ తలుపు మీరే ఏస్తున్నరు గద."

"అయితే వాడెవడో నీకు తెలుసా?"

"తెల్వదని నేనన్లే."

"మరి చెప్పు."

"చెప్తనని గూడ అన్లే."

విశ్వేశ్వరరావు గారికి కోపం వచ్చింది. ఇక ఈ కారు పుట్టినట్టే ఉండాలని, బూడిద రంగు వేయించి, కొత్తగా టాపు చేయించి అతికించాలని, ఆ పని పోచయ్యే చేయాలని తీర్మానించి, కారును షెడ్డులోనే వదిలేశారు. తన బతుకులో చేసిన ఒకే ఒక్క గొప్ప పనిని తన చేతులతోనే మూసేయమంటున్నారు. పోచయ్య ఒక్క వారం గడువు అడిగాడు. ఈలోపు ఇంగ్లండువాళ్ళు అడిగిన ఫొటోలు పంపేద్దాం, పాపం పరాయి దేశమోళ్ళు, అడిగితే కాదనొద్దు అన్నాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి కారు జాకీల మీద ఎత్తి ఉంది. దాని పొట్ట వంటింటి గిన్నెలా తోమి ఉంది. చాప పరిచి, లైటు పెట్టి, ఫోను ఎటు తిప్పాలో అతనే చెప్పాడు. ఇంకా ఎడమకు, ఇంకా దగ్గరికి, ఆ పట్టీ కాడ. అక్కడ చుక్కలు చుక్కలుగా ఏవో అక్షరాలు కనిపించాయి. చి.ల.సౌ. ఆదిలక్ష్మి.

నేను తల తిప్పి చూశాను. పోచయ్య అటువైపు తిరిగి, చక్రానికి బిగించి ఉన్న నట్టునే మళ్ళీ బిగిస్తున్నాడు.

"అమ్మగారికి చూపెట్టు బిడ్డా. పాత ఇనుము సంగతి పెద్దోళ్ళకు ఎరుకుంటది" అన్నాడు నట్టుతో మాట్లాడుతున్నట్టు.

ఆదిలక్ష్మి గారికి డెబ్బై ఆరేళ్ళు. కళ్ళజోడు పెట్టుకుని, ఫోనును దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని చూసింది. ఇది ఎక్కడిదని అడిగింది. మీ కారు కిందిదని చెప్పాను. ఆవిడ ముఖంలో ఏమి కదిలిందో నాకు అర్థం కాలేదు. లేచి చెప్పులు వేసుకుని, ఆటో పిలువమ్మాయ్ అంది. వెంట కొడుకును కూడా రమ్మంది. దారిలో విశ్వేశ్వరరావు గారు జయశ్రీ అత్తయ్య పేరు ఎత్తబోతే, దాని సంగతి తర్వాత, ముందు నా మంచం చూడనీ అని ఆపేసింది.

షెడ్డులో ఆవిడ వంగలేక, పోచయ్య వేసిన స్టూలు మీద కూర్చుని, కారు కిందికి చెయ్యి పోనిచ్చి ఆ చుక్కలను తడిమింది. ఒక్కో అక్షరం దగ్గరా వేలు ఆగింది.

"పేరు కనబడుతోంది కదా, గీకేయలేకపోయారా?" అంది.

"చేసినోనికి అప్పుడు సదువు రాదమ్మా. ముగ్గు అనుకున్నడు. మంచిగున్నదని ఉంచిండు. అటెన్క సదువు నేర్చి ఒక డిసెంబర్ల చదివిండు. చదివి పానా కాలి మీద వడేసుకున్నడు."

"ఎవరు పడేసుకున్నది?"

పోచయ్య కుడికాలు వెనక్కి లాక్కున్నాడు.

"మా ఆయన ఒట్టేయించుకున్నారా?"

పోచయ్య తల వంచుకున్నాడు. అలా వంచుకోకూడదని ప్రమాణంలో లేదు.

"ఆయన పోయి పన్నెండేళ్ళయింది. ఆయన తరఫున నేను చెబుతున్నాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశా. ఇప్పుడు చెప్పు నాయనా."

"నేనే కోసిన, అమ్మా." ఆ మాట ఆవిడతో అన్నా, చూపు మాత్రం విశ్వేశ్వరరావు గారి మీద ఉంది. "మంచం గూడ నేనే అతికిచ్చిన."

విశ్వేశ్వరరావు గారి చెయ్యి అప్పటికే తలుపు మీద ఉంది. దాన్ని తెరిచారు, వేశారు. మళ్ళీ తెరిచి, మళ్ళీ వేశారు. వెధవ అన్న మాట గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి.

"టాపు ఎప్పుడు ఎయ్యమంటరు సార్?" అన్నాడు పోచయ్య అమాయకంగా.

"దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను" అన్నారాయన. తర్వాత గొంతు సవరించుకుని, జేబులోని ఊరేగింపు దరఖాస్తు కాగితం నా చేతికిచ్చి, వెనక వరసకే రాయమన్నారు.

అక్కడే, పోచయ్య పనిముట్ల బల్ల మీదే రాశాను. కంపెనీ పేరు, సంవత్సరం, రంగు. ఇనుము ఎక్కడిదన్న గడి ఆ కాగితంలో లేదని ఆదిలక్ష్మి గారు నొచ్చుకుంటే, పక్కన ఖాళీలో తెనాలి అని కూడా రాశాను. చివర ఒక గడి మిగిలింది, మార్పు చేసినవారి పేరు. ఉస్తాద్ పేరు కూడా రాయాలా అని పోచయ్యను అడిగాను. ఆయన షెడ్డే కదా, ఆయన ఇచ్చిన బ్లేడే కదా.

పోచయ్య బల్ల మీది బ్లేడు ఒకటి తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. గురుభక్తి ఒక పక్కనా నలభై అయిదేళ్ళు ఒక పక్కనా లాగుతున్నట్టున్నాయి.

"ఉస్తాద్ పేరు శాన కార్లకు ఉన్నది బిడ్డా. దీనికి నాదొక్కటే రాయి" అన్నాడు.

రాశాను. అతను కళ్ళజోడు వెతుక్కుని, కాగితం వెలుతురులోకి పట్టుకుని, తన పేరు వరకే చదువుకున్నాడు.