అద్దంలో పడుకున్న తాత

మా తుమూల్ ఊళ్ళో, పట్నం పోయే మార్కెల్ వ్యాను ఎక్కాలంటే నోరు ఇంట్లో వదిలి రావాలి. నవ్వులాటకి అంటున్న మాట కాదు. మొన్నటి చలికాలమంతా, లేనా నది గడ్డకట్టి దాని మీద బళ్ళు నడిచే రోజుల్లో, ఆ వ్యానులో ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. దగ్గొస్తే మఫ్లర్లోకి దగ్గుకోవాలి. తుమ్ము వచ్చేలా ఉంటే ముందే చెయ్యెత్తాలి. మార్కెల్ బండి ఆపుతాడు, దిగి తుమ్మి మళ్ళీ ఎక్కాలి. పశువుల డాక్టరు జినోవి ఓసారి అలాగే చెయ్యెత్తి దిగాడు. బయట మైనస్ యాభై. చలికి తుమ్ము కాస్తా ఎటో పారిపోయింది. ఆయన ముక్కు పైకెత్తి రోడ్డు పక్కన నిలబడే ఉన్నాడు. లోపల అందరూ అద్దాల్లోంచి చూస్తున్నారు గానీ, ఎక్కెయ్యండి డాక్టరుగారూ అని ఒక్కరూ అనలేకపోయారు.

ఇదంతా ఒక పగులు వల్ల వచ్చింది. మార్కెల్ ముందుటద్దం మీదికి అక్టోబరులో బొగ్గులారీ చక్రం కింద నుంచి ఒక రాయి ఎగిరొచ్చి తగిలింది. గోరంత మచ్చ పడింది. అందులో వింతేమీ లేదు. పగులు లేని అద్దం కనిపిస్తే, ఈ బండి మొన్ననే వచ్చినట్టుందే అనుకుంటాం మేము. చలికాలంలో అద్దం మార్పించే తెలివితక్కువవాడు ఇక్కడ లేడు. వెచ్చటి షెడ్డులో బిగించిన కొత్త అద్దం గేటు దాటకుండానే టప్పుమంటుంది. మే నెల దాకా ఓర్చుకోవడమే. ఈలోగా పగులు పాకకుండా ఒకడు దాని కొసన సన్నటి బెజ్జం వేస్తాడు, ఇంకొకడు జిగురు పూస్తాడు, వేరొకడు పెళ్ళాం గోళ్ళరంగు రాస్తాడు. మార్కెల్‌కి పెళ్ళాం లేదు, పోయి ఆరేళ్ళయింది. పక్కింటావిడ దగ్గర ఎర్రరంగు అడిగి తెచ్చి రాశాడు. పగులు ఆ ఎర్రచుక్కని పలకరించి, పక్కనుంచి ఇంకో వేలెడు ముందుకు పోయింది.

నవంబరులో, మాంసానికి గుర్రప్పిల్లల్ని కోసే రోజుల్లో అసలు సంగతి జరిగింది. అగ్లాయ, ఆవిడ తోడికోడలు దార్యా వెనక సీట్లో కూచుని పక్కటెముకల వాటా దగ్గర తగువేసుకున్నారు. ఇద్దరివీ మామూలు గొంతులా! వాళ్ళ ఊపిరికి అద్దం నిండా ఆవిరి కమ్మేసింది. దారి కనిపించక మార్కెల్ హీటరు పిడిని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాడు. వేడిగాలి అద్దాన్ని బుస్సున తాకింది. సరిగ్గా అప్పుడే అగ్లాయ, "నీ మొహానికి ఎముక కూడా దండగే!" అని అరిచింది. టిక్. పగులు జానెడు పాకింది.

మార్కెల్ బ్రేకు తొక్కాడు. చిన్నప్పుడు అడవికి తీసుకెళ్ళిన తాత చెప్పిన మాట గుర్తొచ్చింది. అడవిలో గొంతెత్తకూడదు. అక్కడ చలికాలమంతా పడుకునే ఎలుగుబంటిని దాని పేరుతో పిలవకూడదు, తాత అనాలి, పేరెత్తితే లేచొస్తుంది. అంతే, లెక్క కుదిరిపోయింది. అరుపు వినపడింది కాబట్టే పగులు లేచింది! హీటరు మాట ఆయన బుర్రకి తట్టనేలేదు.

ఆ రోజు నుంచి బండిలో మాటలు బంద్. పగులు పేరు ఎత్తడమూ బంద్, తాత అనాలి. ఎక్కేవాళ్ళు తలుపు దగ్గరే గుసగుసగా అడిగేవారు.

"తాత పడుకున్నాడా?"

"పడుకున్నాడు. మెల్లిగా ఎక్కు."

నది దాటేముందు ఒడ్డున అందరూ ఆగి, క్షేమంగా దాటించమని నదికి అట్టుముక్క వేస్తారు కదా, మార్కెల్ ఇంకో ముక్కకున్న వెన్న వేలితో తీసి పగులు కొసన కూడా రాసేవాడు. కొన్నాళ్ళకి అక్కడ వెన్న గడ్డకట్టి, దారి సగం పసుప్పచ్చగా కనిపించేది. అయినా తాత కదల్లేదు. ఎందుకు కదులుతాడు? నోళ్ళు మూసుకుంటే ఆవిరి లేదు, ఆవిరి లేకపోతే హీటరు పెంచే పని లేదు. జనం పాదాలు కొయ్యలై, పళ్ళు టకటకలాడిస్తూ, ఆ టకటక కూడా వినపడకుండా దవడ పట్టుకుని కూర్చునేవారు. పగులు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. చూశారా మరి అన్నట్టు మార్కెల్ అద్దం వైపు వేలు చూపించేవాడు.

ఊరు నవ్విందా? మొదటి వారం నవ్వింది. తర్వాత ఏడ్చే పిల్లల తల్లులు ఆ బండికే రావడం మొదలెట్టారు. అత్తాకోడళ్ళని కలిపి పట్నం పంపాల్సిన మగవాళ్ళు మార్కెల్‌నే వెతుక్కునేవారు. ఓసారి ట్రాఫిక్ పోలీసు ఆపి, "ఏంటయ్యా ఈ పగులు?" అని గట్టిగా అడిగాడు. ఎనిమిది మంది ఒక్కసారిగా "ష్ష్!" అన్నారు. ఆ పోలీసు వెనక్కి రెండడుగులు వేసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "వెళ్ళండి, వెళ్ళండి" అన్నాడు. ఎందుకు తగ్గించాడో ఆయనకీ తెలియదు.

ఇక ఉల్యానా సంగతి. జూన్ పండక్కి ఊరంతా చేతులు పట్టుకుని వలయంగా తిరుగుతూ ఆడేటప్పుడు పాట ఎత్తుకునేది ఆవిడే. ఆ గొంతు చెరువు అవతల మేసే గుర్రాలకి కూడా వినపడుతుంది. భర్త పోయి చాలాకాలమైంది, మూడావులతో బతుకుతోంది. గిన్నెల్లో పోసి గడ్డకట్టించిన పాలు గోతంలో వేసుకుని ప్రతి శనివారం పట్నం బజారుకి వెళ్ళేది. మార్కెల్‌కి ఆవిడంటే ఒకప్పుడు హడలు. వీధిలో ఎదురైతే పక్క సందులోకి తప్పుకునేవాడు, ఆవిడ పలకరింపుకే చెవులు గింగురుమంటాయని.

అలాంటి మనిషి నవంబరు నుంచి ముందుసీట్లో ఆయన పక్కన నోరు మెదపకుండా కూర్చుంది. అప్పుడు చూశాడు మార్కెల్ ఆవిణ్ణి, పెద్దబడిలో చదువుకున్నప్పటి నుంచి ఎరిగిన మనిషిని, మొదటిసారిగా. రెప్పల మీద మంచు కరుగుతుంటే చూపుడువేలితో ఎలా తుడుచుకుంటుందో చూశాడు. ఫ్లాస్కు మూతలో టీ పోసి, ఒక చుక్క ఒలక్కుండా గుంతలు దాటించి అందించేది. ముందు గుంత ఉంటే ఎడమ కనుబొమ్మ ఎత్తేది, లారీ వస్తుంటే కుడిది. జనవరికల్లా ఆ కనుబొమ్మలు లేకుండా ఆయనకి బండి నడపడం రాలేదు. ఫిబ్రవరికల్లా ఇంట్లో ఒక్కడూ టీ తాగుతుంటే గొంతు దిగడం మానేసింది. ఇష్టపడ్డాడు. వేరే పేరు పెట్టడానికి లేదు.

చెప్పడమెలా? బండిలో నోరెత్తకూడదని చట్టం పెట్టింది తనే. బండి దిగాక ఎనిమిది మంది మధ్యలో, పెదాలు కొయ్యబారే చలిలో, అలాంటి మాట ఎవడడుగుతాడు? ఇంటికెళ్ళి అడగొచ్చు గదా అంటారేమో. వెళ్ళాడు, మూడుసార్లు. మూడుసార్లూ గుమ్మంలో నిలబడి, "శనివారం ఎనిమిదింటికి" అని చెప్పి వచ్చేశాడు. ఎప్పుడూ ఎనిమిదింటికే బయల్దేరతారు.

మార్చి మొదటి శుక్రవారం సాయంత్రం, ఉల్యానా ఆవులు మూడూ అగ్లాయ దొడ్లోకి వెళ్తుంటే మార్కెల్ చూశాడు.

"ఇవేంటి ఇటు?" అని అగ్లాయని అడిగాడు.

"నాకిచ్చేసింది అన్నా. అంత దూరం న్యుర్బా ఊళ్ళో చెల్లెలు రమ్మంటోందట, అక్కడే ఉండిపోతుందట. రేపు నీ బండిలోనేగా, పట్నంలో బస్సెక్కడానికి! నీకు చెప్పలేదూ?"

ఎక్కడ చెబుతుంది? మార్కెల్ ఆ రాత్రి వ్యాను ఇంజనుకి దుప్పటి కప్పడం కూడా మరిచిపోయాడు.

మర్నాడు మూటలతో ఉల్యానా ముందుసీట్లో కూచుంది. వెనక జినోవి, అగ్లాయ. పొగమంచులో ఊరు దాటారు, అడవి దాటారు. ఉల్యానా ఎడమ కనుబొమ్మ కోసం మార్కెల్ చూస్తున్నాడు గానీ ఆవిడ ఈరోజు కనుబొమ్మ ఎత్తడం లేదు, పక్క కిటికీలోకి చూస్తోంది. రెండు గుంతల్లో పడ్డారు. నది ఒడ్డున అట్టుముక్క వేశారు, అద్దానికి వెన్న రాశారు. మంచు మీదకి దిగగానే, అది విరిగితే దూకెయ్యడానికి, అందరూ అలవాటుగా సీటు బెల్టులు తీసేశారు. అవతలి ఒడ్డు చేరితే బస్టాండు పావుగంట. ఇక అడిగితే ఇప్పుడే అడగాలి, లేకపోతే న్యుర్బాకి పోయిన మనిషి మళ్ళీ రాదు.

"ఉల్యానా" అన్నాడు మార్కెల్.

ఆయన గొంతుకే ఆయన ఉలిక్కిపడ్డాడు. వెనక నుంచి "ష్ష్!" అని వచ్చింది. అగ్లాయ వేలితో అద్దం చూపిస్తోంది.

"న్యుర్బా వెళ్ళకు."

"ష్ష్ష్!" ఈసారి డాక్టరు కూడా కలిశాడు.

మార్కెల్ పగులు మీద నుంచి చూపు తిప్పకుండా, పెదాలు కదిలీ కదలకుండా గొణిగాడు. "మా ఇంటికొచ్చెయ్. నాతో ఉండిపో."

ఉల్యానా ఇటు తిరిగింది. అద్దాన్ని చూసింది, ఆయన్ని చూసింది. నవంబరు నుంచి లోపల దాచుకున్న ఊపిరంతా ఒక్కసారి పీల్చుకుంది.

"ఇప్పుడా!" అంది. వ్యాను రేకులు అదిరాయి. "ఆవుల్ని ఇచ్చేశాక, మూటలు కట్టేశాక, నది నడిమధ్యనా అడిగేది! నాలుగు నెలలు నీ పక్కన మూగదానిలా కూచున్నాను కదయ్యా! నేను! నా నోరు మూయించాలని మా ఆయన చచ్చేదాకా చూసి ఓడిపోయాడు! పాలు అమ్ముకోడానికి వస్తున్నాననుకున్నావా? పాలు మన ఊళ్ళోనే పోతాయి! గుమ్మంలో నిలబడి ఎనిమిదింటికి, ఎనిమిదింటికి అంటావు, మనిషివా గడియారానివా?"

జినోవి చెవులు మూసుకున్నాడు. అగ్లాయ కళ్ళు మూసుకుంది. ఆ అరుపు ఆగాక నలుగురూ నెమ్మదిగా అద్దం వైపు చూశారు.

తాత కదల్లేదు. వెన్నముద్ద దగ్గర హాయిగా పడుకునే ఉన్నాడు.

మార్కెల్ వెన్నముద్దనీ పగులు కొసనీ మార్చి మార్చి చూశాడు. అయితే మాటలకి లేవడా ఈయన? అయితే ఈ చలికాలమంతా మాట్లాడుకునేవాళ్ళమేగా, టీ బాగుందని అయినా చెప్పేవాణ్ణేగా! ఏడుపొచ్చింది ఆయనకి, నిజంగానే వచ్చింది. దానికి తోడు ఉల్యానా అరుపుకి అద్దం మొత్తం ఆవిరి కమ్మింది. ఎదురుగా లారీ దీపాలు రెండు మసకగా కనబడుతున్నాయి, దారి కనబడటం లేదు. చెయ్యి దానంతటదే వెళ్ళి హీటరు పిడి చివరిదాకా తిప్పింది.

వేడిగాలి బుస్సుమంది. టిక్. ఆ తర్వాత చిరపరచిరపరమని, వెన్న దాటి, ఎర్రచుక్కని వెనకొదిలేసి, పగులు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒక్క పరుగు తీసింది.

"తాత లేచాడు" అన్నాడు జినోవి గుసగుసగా.

"నీ నోటి వల్లే!" అంది అగ్లాయ.

"నా నోరు కాదే, ఈయనగారి హీటరు! నేను అరిచినప్పుడు కదిలిందా?"

"నీ అరుపు అక్కడిదాకా చేరడానికి ఆ మాత్రం టైం పట్టదూ?"

మార్కెల్ బండి పక్కకి తీసి ఆపాడు, మంచు మీద ఆపకూడదని తెలిసినా. లారీ దాటిపోయింది. అద్దం ఊడి పడలేదు. గాలి లోపలికి రాలేదు. దారి ఎప్పటిలాగే కనిపిస్తోంది, నడుమ ఒక గీతతో. నాలుగు నెలలు భయపడింది దీనికా?

"మార్కెల్" అంది ఉల్యానా. గొంతు తగ్గించింది, తగ్గించినా బాగానే వినపడింది. "పోయేది పోయింది. ఇంకేం మిగల్లేదు భయపడ్డానికి. ఇందాక గొణిగావే, అది మళ్ళీ అడుగు. గొంతెత్తి అడుగు."

మార్కెల్ స్టీరింగు వదిలేసి ఆవిడ వైపు తిరిగాడు.

"నాతో ఉండిపోతావా?" అని అరిచాడు. నది మీద అవతల వెళ్తున్న లారీ బ్రేకు దీపాలు ఒకసారి వెలిగాయి.

ఉల్యానా ముందుకు వంగింది. వేడిగాలి కిందికి వచ్చేలా మీట తిప్పి, బూట్లు రెండూ దాని ముందు పెట్టుకుంది.

"నవంబరు నుంచి నా కాళ్ళు కాళ్ళు కావు. ముందు బండి వెనక్కి తిప్పు. ఒసేయ్ అగ్లాయా, సాయంత్రానికి నా ఆవుల్ని తోలుకొచ్చి ఈయన దొడ్లో కట్టెయ్. ఎర్రావుకి నా చెయ్యి తగలకపోతే పాలివ్వదు."

"ఇచ్చినవి వెనక్కి అడుగుతారా ఎవరైనా!" అని అగ్లాయ మొదలెట్టింది. ఇద్దరూ కలిసి వ్యాను ఎగరగొడుతుంటే, పట్నంలో పనున్న డాక్టరు అలవాటు కొద్దీ చెయ్యెత్తాడు.

"ఏంటి డాక్టరుగారూ?" అన్నాడు మార్కెల్ బండి తిప్పుతూ.

"తుమ్మొస్తోందయ్యా."

"తుమ్మండి" అన్నాడు మార్కెల్. "ఇక్కడే తుమ్మండి!"