కర్రలకు తగలని బంతి

మా బావ సారయ్యకు క్రికెట్ పిచ్చి. ఈ రోజుల్లో ఈ మాటంటే ఎవరూ తల కూడా తిప్పరు. నేను చెబుతున్నది మాత్రం నలభై ఎనిమిదో సంవత్సరం సంగతి. పాలకుర్తికి రెండు కోసుల దూరంలో మా ఊరు. బండి బాట తప్ప వేరే దారి లేదు. ఊరంతా సంఘం గురించి, రజాకార్ల గురించి, పారిపోయిన దొర గురించి మాట్లాడుకుంటుంటే, అక్షరమ్ముక్క రాని మా బావ ఎక్కడో జరగబోయే ఆట గురించి మాట్లాడేవాడు. నాకు ఒళ్లు మండేది. మా అక్క అంజమ్మను ఏరికోరి ఈయనకే ఇచ్చాడా అని మా నాయినను తిట్టుకునేవాణ్ని.

నిజం చెప్పాలంటే ఆ పిచ్చి ఆయన కోరి తెచ్చుకున్నది కాదు, వెట్టిలో అంటుకున్నది. ఇంటికొకరు దొర ఉండే గడీకి పోయి కూలి లేకుండా పని చేయాల్సిన రోజులవి. ఒకరు నీళ్లు మోసేవారు, ఒకరు పిండి విసిరేవారు, ఒకరు దొర బండి ముందు ఉరికేవారు. మా బావ వంతుకు బంతి వేసే పని వచ్చింది. చిన్నదొర హైదరాబాదులో చదివేవాడు. సెలవులకు వచ్చేటప్పుడు బ్యాటు, ఎర్రబంతి, మూడు కర్రలు తెచ్చుకునేవాడు. పొద్దు నెత్తికెక్కినప్పటి నుంచి గూట్లో పడేదాకా మా బావ ఉరికొచ్చి బంతి వేయాలి, ఆయన కొట్టాలి, మళ్ళీ ఈయనే పోయి తేవాలి. నీళ్లు మోసేవాడికి కాగు నిండితే పని అయిపోయినట్టు. బంతి వేసేవాడికి అయ్యేదెప్పుడు?

మొదటి రోజే ఒక బంతి చిన్నదొర బ్యాటును దాటిపోయి కర్రలను పడగొట్టింది. ఆటంటే అదేనని చెప్పారు కదా, మా బావ సంబరపడి బంతి వేసిన చెయ్యి పైకెత్తాడట. గడీ మనుషులు వచ్చి చింత బరికెలతో ఆ చేతి మీదే కొట్టారు, దొరబిడ్డనే ఔట్ చేస్తావా అని. అప్పటి నుంచి మా బావకు ఒకటే కట్టడి. బంతి బ్యాటుకు అందేలా రావాలి. అందకపోతే మాత్రం కర్రలకు తగలకూడదు. అనడం తేలికే, చేసి చూడండి. ఈయన చేసేవాడు. బంతి కర్రల పక్క నుంచి బొటనవేలంత ఎడంతో వెళ్లిపోయేది. చిన్నదొర తన నేర్పుకు తానే మురిసిపోయేవాడు. తనను ఔట్ చేసే మొనగాడు ఈ ముల్కులోనే లేడనుకునేవాడు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా బ్యాటు మా బావ చేతికి ఇవ్వలేదు.

అయినా ఆ ఆట మీదే మనసు పడ్డాడు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. జనగామకు ఆముదాల బస్తాలు తోలినప్పుడల్లా చందూలాల్ సేటు బట్టల దుకాణం ముందు ఎడ్లను విడిచేవాడు. సేటు దగ్గర బ్యాటరీతో నడిచే రేడియో ఉంది, బొంబాయి నుంచి వచ్చే పేపరు ఉంది, ఆట పిచ్చీ ఉంది. ఇద్దరూ మాటల్లో పడితే గిరాకీ వచ్చి నిలబడ్డా సేటు గద్దె మీంచి లేచేవాడు కాదు.

ఒకసారి నేనూ వెంట పోయాను. సేటు ఆ రోజు రగ్బీ అనే ఇంకేదో ఆట గురించి చెబుతున్నాడు.

"బంతి కోడిగుడ్డు లెక్క ఉంటది సారయ్యా. దాన్ని సంకల పెట్టుకొని ఉరకాలె. ఎదుటోళ్లు ఎంటవడి కింద పడేస్తరు. తెల్లోళ్ల దేశాలల్ల దానికి గూడ పెద్ద పెద్ద పోటీలుంటయి."

మా బావ మూతి విరిచాడు. "గదేం ఆట సేటూ? సంకల పెట్టుకొని ఉరుకుడు, ఎంటవడి పడేసుడు. రజాకార్లు ఊరి మీద వడ్డప్పుడల్లా మేం ఆడింది గదే గదా. దానికి మల్ల పోటీలెందుకు?"

సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అలాంటి ఒక ఉరుకులాటలోనే మా ఇంటి మేకలన్నీ పోయాయి.

ఇక సంఘం సంగతి. వెట్టి చేయబోమని ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. దొర కుటుంబంతో సహా హైదరాబాదుకు పారిపోయాడు. సంఘం వాళ్లు గడీ తలుపులు తెరిచి గింజలు పంచారు. జనం వడ్లు, జొన్నలు మోసుకుపోతుంటే మా బావ చంకలో బ్యాటు, భుజం మీద మూడు కర్రలు, రుమాల్లో మూటగట్టిన బంతితో ఇంటికొచ్చాడు.

మా అక్క గడపలోనే నిలబెట్టి చూసింది. "అందరు వడ్లు తెస్తె నువ్వు కట్టెలు తెస్తివా? పొయ్యిల పెట్టనా?"

పొయ్యిలో పెట్టలేదు కానీ, మర్నాడే బ్యాటును వాగుకు తీసుకుపోయి దాంతో బట్టలు ఉతికింది. మంచి బరువుందని మెచ్చుకుంది కూడా. మా బావ లబోదిబోమన్నాడు. చివరికి రాజీ కుదిరింది, పొద్దున బట్టలకు, సాయంత్రం ఆటకు.

సాయంత్రం కళ్లంలో కర్రలు పాతి నన్ను బ్యాటు పట్టుకుని నిలబడమన్నాడు. నాకు దాన్ని ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు. ఉరికొచ్చి బంతి వేశాడు. కర్రల పక్క నుంచి పోయింది. ఇంకోటి, అదీ అంతే. నేను విసుగుపుట్టి పక్కకు తప్పుకున్నాను. అడ్డం ఎవరూ లేని కర్రలకు కూడా ఒక్కటి తగిలితే ఒట్టు. మర్నాడూ అదే వరస, ఆ తర్వాతా అదే. పంటకోతలు వచ్చి పోయినా మారలేదు.

"బావా, దొర ఊరిడిసి పోలేదు. నీ మణికట్టుల దాక్కున్నడు," అన్నాను ఒకరోజు ఎగతాళిగా.

ఆయన నవ్వలేదు. చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "నేను కర్రల దిక్కే చూస్తున్నరా. ఇడిసేటప్పుడు చెయ్యే గిట్ల మలుగుతున్నది. నేను మలుపుతలేను." నేను పోయి బంతి తెచ్చిచ్చాను. ఇంకెప్పుడూ ఆ మాట అనలేదు.

మా అక్క అక్కడే జొన్నలు చెరుగుతూ అంతా విన్నది. ఆమెకు మాత్రం జాలి కాదు, కోపం వచ్చింది. "కుడిచెయ్యి దొరకు రాసిచ్చి వస్తివి. ఎడమదన్న మనదేనా, గది గూడ రాసిచ్చినవా?" అని చేట దులిపి లేచిపోయింది.

కొన్నాళ్లకు యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం లొంగిపోయాడు, రజాకార్లు ఎటు పోయారో పోయారు. జనగామలో చందూలాల్ సేటు మిఠాయి పంచాడు. మిఠాయితో పాటు మా బావకు ఇంకో కబురు కూడా చెప్పాడు. వెస్టిండీస్ జట్టు మన దేశానికి వస్తున్నదట. దీపావళి పోయాక ఢిల్లీలో మొదటి ఆటట.

తిరిగొచ్చేటప్పుడు బండిలో దారి పొడుగునా అదే గోల.

"కొమురెల్లీ, ఆళ్ల తాతలను ఓడలల్ల కట్టేసి తెచ్చి చెరుకుతోటలల్ల వెట్టి చేయించిండ్రట. కూలి లేదు, ఇడుపు లేదు. గసొంటోళ్ల మనుమలు గిప్పుడు తెల్లబట్టలేసుకొని ఆడవస్తున్నరు. ఆళ్ల బంతి తగిలితె కర్రలు ఇరిగిపోవాలె సూడు!"

"మరి నువ్వు ఎవరి దిక్కు? మొన్నటిదాక నిజాం కింద ఉంటిమి. గిప్పుడు ఇండియా మనదాయె గదా."

ఆయన ఎడ్లను అదిలించాడు. "కొత్తగ మనదైంది, కాదంటె ఎట్ల? మనోళ్లే గెలవాలె. గని ఆళ్ల బంతికి కర్రలు పడితె మాత్రం నేను చప్పట్లు కొడుత." ఇంకొంత దూరం పోయాక మొహం ముడుచుకున్నాడు. "ఒక్కటే బాధరా. ఆళ్లకు కెప్టెన్ తెల్లోడేనట. ఆడ గూడ దొరనే పెట్టుకున్నరు."

మేము ఊరు చేరేసరికి మా దొర కూడా వచ్చి ఉన్నాడు. సైన్యం లారీల వెనక జీపులో దిగాడట. గడీలోనే సైన్యం కాంపు పెట్టింది, సంఘం వెనక ఉన్న కమ్యూనిస్టుల కోసం వెతుకుడు మొదలైంది. గడీలో తీసుకున్న ప్రతి వస్తువూ తెచ్చివ్వాలని డప్పు కొట్టించారు. వెట్టి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది మళ్ళీ మొదలవుతుందా లేదా అని జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మొట్టమొదటి కబురు మా బావకే వచ్చింది. సాయంత్రం గడీకి వచ్చి చిన్నదొరకు బంతులు వేయాలి, కాంపు ఆఫీసరు ఆట చూస్తాడు, బ్యాటూ కర్రలూ పట్టుకుని రావాలి.

మా ఇంటి ముందు జనం గుమిగూడారు. ఇవాళ సారయ్య పోతే రేపు నీళ్లకు, ఎల్లుండి పిండికి పిలుపు వస్తుందని అందరికీ తెలుసు. పోకపోతే కమ్యూనిస్టు అని లారీ ఎక్కిస్తారని కూడా తెలుసు. పక్క ఊళ్లో అప్పటికే ఎక్కించారు. గడీలో పిండి విసిరి విసిరి నడుము వంగిపోయిన బుచ్చవ్వ ముందుకు వచ్చింది. "నువ్వు గడీల అడుగుపెట్టినవంటె నన్ను మల్ల ఇసుర్రాయి కాడ కూసోపెడుతరు కొడుకా," అన్నది.

"ఆటకు పోత అవ్వా. వెట్టికి పోను," అన్నాడు బావ.

ఆ రెండింటికీ తేడా ఏమిటో నాకు తెలియలేదు. ఎందుకొచ్చిన పంతం ఇది అని లోపల తిట్టుకున్నాను. మా అక్క బ్యాటు తుడిచి ఆయన చేతికిచ్చింది.

గడీ వాకిట్లో కర్రలు పాతారు. ఆఫీసరు ఎక్కడో ఉత్తరాది మనిషి. కుర్చీ వేసినా కూర్చోకుండా తానే అంపైర్‌నని బంతి వేసే చోట నిలబడ్డాడు. మేమంతా దర్వాజా బయటి నుంచి చూస్తున్నాం. చిన్నదొర బ్యాటు అందుకుని మొహం చిట్లించాడు. వాగు నీళ్లలో నాని అది తెల్లగా పాలిపోయింది.

"దీన్నేం చేసిండ్రురా?"

"బట్టలుతికినం దొరా. మస్తు పనికొచ్చింది."

బయట ఎవరో కిసుక్కున నవ్వారు. ఆట మొదలైంది. మొదటి బంతి కర్రల పక్క నుంచి పోయింది. రెండోదాన్ని చిన్నదొర గోడకేసి కొట్టాడు. మూడోది మళ్ళీ కర్రల పక్క నుంచే. "మర్చిపోలేదురా నువ్వు!" అని చిన్నదొర మెచ్చుకున్నాడు. నా పక్కన బుచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు మా బావ ఆగాడు. బంతిని ఎడమ చేతిలోకి మార్చుకుని ఆఫీసరు దగ్గరికి పోయాడు. "సాబ్, గిప్పటి సంది ఎడమ చేత్తోని ఏస్త. చెయ్యి మారిస్తె ముందుగాల చెప్పాలెనని జనగాంల సేటు చెప్పిండు," అని సైగ చేసి చూపించాడు. ఆఫీసరు వింతగా చూసి, తలూపి, చిన్నదొరకు వినబడేలా చెప్పాడు.

"ఎడమ చేత్తోనా? రానియ్యి, రానియ్యి," అని చిన్నదొర నవ్వాడు.

ఆ ఎడమ చెయ్యి ఎప్పుడూ గడీలో బంతి వేయలేదు. చింత బరికె దెబ్బ తినలేదు. కర్రలను తప్పించడం దానికి ఎవరూ నేర్పలేదు. రోజూ తెల్లవారకముందే మా బావ కళ్లం దిక్కు పోతుంటే చెంబు పట్టుకుని పోతున్నాడనే అనుకున్నాను నేను. ఏం చేసి వస్తున్నాడో అప్పుడు తెలిసింది. ఉరికొచ్చాడు. గొప్ప బంతేమీ కాదు. నేల మీద పడి, లేవకుండా తిన్నగా పోయింది. చిన్నదొర బ్యాటు దించేలోపే నడిమి కర్ర ఎగిరిపడింది.

ఆఫీసరు వేలెత్తి, "ఔట్! చలో భాయ్, చలో," అన్నాడు. పాపం, ఆయనకు ఆట ఒక్కటే తెలుసు. చిన్నదొర అక్కడి నుంచి కదల్లేదు.

"ఇంకోటి ఎయ్యిరా."

మా బావ పోయి బంతి తెచ్చాడు. దాన్ని ఆఫీసరు చేతిలో పెట్టాడు. "ఔటైనంక ఎట్లేస్త దొరా? ఆటల గట్ల లేదు," అని వెనక్కి తిరిగి దర్వాజా దాటి బయటికి వచ్చేశాడు. మర్నాడు నీళ్లకు పిలుపు వచ్చింది, ఎవరూ పోలేదు. పిండికి వచ్చింది, వచ్చినవాడి మొహం మీదే బుచ్చవ్వ తలుపు వేసింది.

ఆ ఆఫీసరు వేరే ఊరికి మారగానే గడీ మనుషులు వచ్చి మా బావను పట్టుకుపోయారు. లోపల ఏం చేశారో మమ్మల్ని చూడనివ్వలేదు. కమ్యూనిస్టు అని చెప్పి లారీ ఎక్కించారు. మానుకోట దిక్కు ఒక కాంపులో ఉన్నాడని మాకు తెలిసేసరికి దీపావళి కూడా పోయింది.

మా అక్క రొట్టెలు కట్టిచ్చి చూసి రమ్మన్నది. నేను ముందు జనగామలో సేటు దుకాణానికి పోయాను. "సేటూ, ఢిల్లీ ఆటల ఏమైందో జర మెల్లగ చెప్పు. నేను యాది పెట్టుకోవాలె," అన్నాను. ఆ ఆటను తిట్టని రోజు లేని మనిషినని సేటుకు తెలుసు. అయినా పేపరు తీసి మొదటి నుంచి చదివి చెప్పాడు. రైల్లో మానుకోట దాకా వల్లె వేసుకుంటూనే ఉన్నాను.

ముళ్లకంచె అవతల బావ నిలబడ్డాడు. సగం మనిషయ్యాడు. ఎడమ చేతికి వేళ్ల నుంచి మోచేతి దాకా గుడ్డ చుట్టి ఉంది. కంచె పట్టుకుని ఏడ్చాను.

"ఏందిరా ఆడపిల్ల లెక్క! ఢిల్లీల ఏమాయె చెప్పు."

"ఆళ్లల్ల నలుగురు నూర్లు కొట్టిండ్రు బావా. మనోళ్లు గూడ గట్టిగనే నిలవడ్డరు. గెలుపు ఓటమి లేకుంట అయిపోయింది."

"నలుగురా!" అని నోరు తెరిచాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఊళ్లె?"

"గడీకి ఎవ్వరు పోతలేరు. ఒక్కరు గూడ."

తలూపాడు. నా చూపు ఎడమ చేతి మీదే ఉందని గమనించి దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు. "గిది అతుకుతదో లేదో తెల్వదు. గందుకే కుడిచేతికే మల్ల నేర్పుతున్న," అని వెనక గోడ చూపించాడు. గోడ మీద బొగ్గుతో మూడు నిలువు గీతలు గీసి ఉన్నాయి. వాటికి ఇటూ అటూ ఎండిన మట్టి ముద్దల మరకలు.

"మన్ను ముద్ద చేసి రోజు ఏస్తున్న. గదే పాత బుద్ధి, అన్ని పక్కకే పోయినయి," అన్నాడు. కంచె దగ్గరికి వచ్చి నవ్వాడు. "నిన్న ఒకటి తగిలిందిరా."