కోసేసిన దగ్గు

మారెక్క ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. వేరుశనక్కాయలు వలుస్తూ కూడా ఘడియకోసారి లేచి, గాలికి ముఖం చూపించి వచ్చేది. అలాంటి మనిషి రెండు వేల నాలుగులో, ముప్పై రెండేళ్ళ వయసులో, రాప్తాడులో ఒక అద్దె గదిలో కంప్యూటర్ ముందు వారానికి మూడు పూటలు కూర్చుంటోందంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు.

ఆ గది ఒక స్వచ్ఛంద సంస్థది. రెండు కంప్యూటర్లు, ఒక వీడియో కెమెరా, నాలుగు టేపులు. చుట్టుపక్కల ఆడవాళ్ళు తమ ఊళ్ళ గురించి తామే చిన్న సినిమాలు తీయాలి. ఒకరు తీస్తే ఇంకొకరు కత్తిరించాలి, మూడోవారు మాట కలపాలి. నేర్పే అమ్మాయి జాయ్, అనంతపురం నుంచి బస్సులో వచ్చేది. టేపులు చాలక, పనైపోయిన టేపు మీదే మళ్ళీ కొత్తది తీసేవాళ్ళు.

మారెక్క నాయన సోమప్ప గొర్రెల కాపరి. పొద్దు వాలే వేళ గుట్ట కింద నిలబడి ఆయన మందను పిలిచే పిలుపును, మారెక్కతో పాటు నేర్చుకునే చౌడమ్మ కెమెరాలో పట్టింది. కత్తిరించే వంతు మారెక్కకు వచ్చింది.

"హుర్ర్ర్... బా బా బా..."

పిలుపుకు ముందు ప్రతిసారీ దగ్గు. మూడు దగ్గులు. మూడోది సాగి సాగి, గొంతులో గులకరాళ్ళు దొర్లినట్టు దొర్లి, పిలుపులో కలిసిపోతుంది. ఏడాదిగా ఇంట్లో గోడలు కూడా వింటున్న దగ్గు అది. కంప్యూటర్లో అది వినపడగానే మారెక్క లేచి బయటికి పోయేది, వచ్చేది, మళ్ళీ పోయేది.

"ఏమక్కా, కుర్చీలో ముండ్లుండాయా?" అంది జాయ్.

"కుర్చీలో లేవు పాపా, ఈడ ఉండాయి," అని మారెక్క చెవి చూపించింది.

తెర మీద శబ్దం పచ్చటి గీతగా కనిపిస్తుందని ఆమె నేర్చుకుంది. పిలుపు గుట్ట వాలులా ఉంటుంది. దగ్గు కంపచెట్టులా ఉంటుంది. ఆ కంపను నరికేయాలనుకుంది. కానీ మూడో దగ్గు ఎక్కడ ఆగి పిలుపు ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి వందసార్లు వినాల్సి వచ్చింది. నాలుగు రోజులు విని, నరికి, చదును చేసింది.

బడి గోడ మీద సినిమా వేసినప్పుడు ఊరంతా చప్పట్లు కొట్టింది. సోమప్ప మాత్రం, "బాగుండాది గానీ, ఎవురో వయసు పిల్లోడు పిలిచినట్టుండాదే," అని నవ్వి, నవ్వులో దగ్గాడు.

ఆరు నెలల తర్వాత, క్యాన్సరని తేలి, బెంగళూరు ఆసుపత్రిలో ఆయన స్వరపేటిక తీసేశారు. మెడ మీద చిన్న రంధ్రంతో ఇంటికొచ్చాడు. మాట రాలేదు.

మంద వెంట మారెక్క పోయింది. ఆమె కేక వేస్తే గొర్రెలు ఒకటి తూర్పుకు, ఒకటి పడమటికి. రెండుసార్లు గుట్ట పక్కనున్న ఓబన్న చేలో పడ్డాయి.

"సోమప్పన్నా, గొర్రెలన్నా అమ్ము, లేకుంటే నా చేనన్నా కొను!" అని ఓబన్న వాకిట్లో నిలబడి అరిచాడు.

సోమప్ప తల ఊపాడు. శుక్రవారం గొర్రెల బేరగాడు తిప్పేస్వామి లారీ తెచ్చి మందను తోలుకుపోయేట్టు మాట అయింది. ఆ రోజు నుంచి సోమప్ప తన మంచాన్ని గొర్రెల దొడ్డి వైపు నుంచి గోడ వైపుకు తిప్పుకున్నాడు. గంజి కూడా సగంలో వదిలేసేవాడు. దొడ్డి ఖాళీ అయితే ఈ మనిషి ఇంక ఇటు తిరగడని మారెక్కకు అర్థమైంది. ఇంట్లో నిలవలేక, వీధిలో నిలవలేక, గురువారం పొద్దున్నే రాప్తాడుకు పరిగెత్తింది.

ఆమె అడిగితే జాయ్ సినిమాలోని సోమప్ప పిలుపును కేసెట్లోకి ఎక్కించింది. సాయంత్రం టేప్ రికార్డర్ మోసుకుని, నాయనను చేయి పట్టి నడిపించుకుని, మారెక్క, జాయ్, చౌడమ్మ గుట్ట కిందికి పోయారు.

టేపు పిలిచింది. మందకు ముందు నడిచే ముసలి గొర్రె నల్లచెవి తలెత్తి చూసింది. నమిలింది. మళ్ళీ మేతలో తల పెట్టింది. శబ్దం పెంచారు. ఈసారి తలెత్తనైనా లేదు.

"బ్యాటరీలు అయిపోయినట్టుండాయి," అంది చౌడమ్మ.

బండ మీద కూర్చున్న సోమప్ప చేత్తో రొమ్ము మీద మూడుసార్లు తట్టుకున్నాడు. ఆగాడు. మళ్ళీ మూడుసార్లు తట్టుకున్నాడు.

మారెక్క టేపు ఆపేసింది. "దగ్గు. నాయన దగ్గినాకనే అవి కదిలేది. నేనే కోసి పారేసినాను పాపా."

"అసలు టేపులో..." అని జాయ్ ఆగిపోయింది. ఆ టేపు మీద చౌడమ్మ ఎప్పుడో బోరుబావి వేసే సినిమా తీసింది. ఆ దగ్గు ఉన్నచోట ఇప్పుడు బోరు యంత్రం మోత, లేచే తెల్లటి దుమ్ము.

మారెక్క బండ చుట్టూ తిరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు. కాళ్ళు ఆగలేదు. తిరుగుతుండగానే ఆమె పెదవులు కదిలాయి. మొదటిది పొట్టిది. రెండోది దానికంటే పొట్టిది. మూడోది ఎంత సాగుతుందో ఆమెకు తెలుసు. తెర మీద ఆ కంపను కొమ్మ కొమ్మా పట్టి నరికిన చేయి తనదే.

బండెక్కి నాయన పక్కన నిలబడి దగ్గింది. పిలిచింది.

"పొగాకు మింగిన పిల్లి మాదిరుండావే," అని చౌడమ్మ పకపకా నవ్వింది. గొర్రెలు కదల్లేదు.

సోమప్ప లేచాడు. వేలు కూతురి గొంతు మీద పెట్టి, మెల్లగా కిందికి, ఇంకా కిందికి, రొమ్ము దాకా దించాడు. అక్కడి నుంచి, అన్నట్టు చూశాడు.

ఈసారి దగ్గు అడుగు నుంచి లేచింది. రాళ్ళు దొర్లాయి. మూడో దగ్గు ఎక్కడ ఆగిందో పిలుపు ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియలేదు.

నల్లచెవి నమలడం ఆపింది. ఒక అడుగు వేసింది. దాని వెనక రెండు, వాటి వెనక పది. సగం మంద వచ్చింది, సగం అక్కడే నిలబడి చూసింది. మారెక్క మళ్ళీ దగ్గింది. పక్కన నాయన మెడ రంధ్రంలోంచి ఉత్త గాలి మూడుసార్లు బుస్సుమంది.

శుక్రవారం తిప్పేస్వామి లారీ దిగేసరికి దొడ్డి ఖాళీగా ఉంది. సోమప్ప మంచం గుట్ట వైపు తిరిగి ఉంది. ఆయన గంజి గిన్నె చేత్తో పట్టుకుని తాగుతున్నాడు.

"గొర్రెలు యాడప్పా?" అన్నాడు తిప్పేస్వామి.

సోమప్ప గిన్నె దించి, చెవి మీద చేయి పెట్టుకుని, ఉండమన్నట్టు సైగ చేశాడు. గుట్ట మీద నుంచి ఎవరో దగ్గుతున్నారు. ఒకటి, రెండు, మూడోది సాగుతోంది.